పాత మినీవ్యాన్ కొనేటప్పుడు పరిశీలన వెనుక సీట్ల నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీది ఏడుగురి కుటుంబం. దంపతులు ఇద్దరు, ముగ్గురు పిల్లలు, తరచుగా మీతో ప్రయాణించే పెద్దవారు ఇద్దరు. పిల్లల్లో ఇద్దరు ఇంకా చైల్డ్ సీట్లలో కూర్చోవలసిన వయసువారు. రెండు మినీవ్యాన్లు మీ దృష్టిలో ఉన్నాయి. మొదటిది 8 ఏళ్ల పాతది, 1,40,000 కిలోమీటర్లు తిరిగింది, మొదటి నుంచి ఒకే యజమాని చేతిలో ఉంది, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయి, కానీ ఎడమవైపు పవర్ స్లైడింగ్ డోర్ మోటారుతో కదలడం లేదు. రెండవది 4 ఏళ్లది, 75,000 కిలోమీటర్లే తిరిగింది, ఖరీదైన వేరియంట్, ఇప్పటికే ఇద్దరి చేతులు మారింది, సర్వీసు కాగితాలేవీ లేవు, ధర మాత్రం మొదటిదానికంటే కొంత ఎక్కువ. ఏది కొనాలి, కిలోమీటర్లను చూసి భయపడాలా, తలుపు సమస్య నిజంగా "చిన్న రిపేరేనా" అన్నవి మీ సందేహాలు.

మొదటి వ్యాన్‌నే కొనండి. అయితే గేర్‌బాక్స్, వెనుక ఏసీ, స్లైడింగ్ తలుపులు ఈ మూడింటినీ తటస్థుడైన మెకానిక్‌తో పరీక్ష చేయించిన తరువాతే డబ్బు ఇవ్వండి. రెండవదానిని ఆ ధరకు నేనైతే కొనమని చెప్పను. పాత వాహనాలు కొనేవారి తరఫున తనిఖీ చేయడం చాలా ఏళ్లుగా నా వృత్తి కాబట్టి, ఈ మాట ఎందుకు అంటున్నానో వివరంగా రాస్తున్నాను.

మినీవ్యాన్‌ను చూడడానికి వచ్చేవారు దాదాపు అందరూ చేసే పని ఒకటే. బానెట్ ఎత్తి ఇంజిన్ చూస్తారు, డ్రైవర్ సీటులో కూర్చుని ఒక చుట్టు తిప్పి చూస్తారు, మ్యూజిక్ సిస్టమ్ నొక్కి చూస్తారు. అది మామూలు కారుకు కొంతవరకు సరిపోవచ్చు. మినీవ్యాన్‌లో అరుగుదల ఎక్కువగా ఉండేది, ఆపై ఖర్చు పుట్టేది ముందు సీట్ల వెనుక ఉన్న భాగంలో. రోజుకు ఎన్నోసార్లు తెరిచి మూసే స్లైడింగ్ తలుపులు, నేల కింద నుంచి వెనుకకు సాగే ఏసీ పైపులు, మడిచి విప్పే మూడో వరుస సీటు, ఎప్పుడూ బరువు మోసే వెనుక సస్పెన్షన్, ఇవన్నీ అక్కడే ఉన్నాయి. అందుకే నేను ఏ మినీవ్యాన్ తనిఖీ అయినా మూడో వరుస సీటులో కూర్చుని మొదలుపెడతాను. మరొకరిని నడపమని, గతుకుల మీదుగా కాసేపు అక్కడే కూర్చుని వింటాను. ముందు సీటులో వినపడని చప్పుళ్లు, షాక్ అబ్జార్బర్ల నీరసం, తలుపు సందులో నుంచి వచ్చే గాలి రొద అక్కడ స్పష్టంగా తెలుస్తాయి.

తలుపు విషయం. పవర్ స్లైడింగ్ డోర్ పని చేయకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి, ఖర్చులో వాటి మధ్య తేడా ఎంతో ఉంటుంది. తలుపును లాగేది ఒక మోటారు. దాని డ్రమ్ముకు చుట్టిన ఉక్కు కేబుల్ చిన్న పుల్లీల మీదుగా తలుపును ముందుకు, వెనుకకు కదుపుతుంది. తలుపు బరువును మోసేవి పైన, మధ్యలో, కింద ఉండే రోలర్లు. మీరు చేయవలసిన పరీక్ష సులభమైనదే. డాష్‌బోర్డు మీద ఉన్న పవర్ డోర్ స్విచ్‌ను ఆపివేసి, తలుపును చేత్తో నెమ్మదిగా పూర్తి దూరం కదపండి. చేత్తో తేలికగా, ఒకే తీరున కదిలితే రోలర్లు, పట్టాలు బాగానే ఉన్నాయని, లోపం స్విచ్‌లోనో, తలుపుకు వెళ్లే వైరింగ్‌లోనో, మోటారులోనో ఉందని అనుకోవచ్చు. మధ్యలో పట్టినట్టు ఆగితే, గీరుకుంటున్న శబ్దం వస్తే, లేదా తలుపు వెనుక అంచు కిందికి వాలినట్టు కనిపిస్తే రోలర్లు అరిగాయని అర్థం. తలుపు తెరిచి ఉంచి, బాడీ పక్కన మధ్యలో ఉన్న పట్టాలోకి టార్చి వేసి చూడండి. కేబుల్ పోగులు తెగి జుట్టులా లేచి ఉంటే అది ఎక్కువ కాలం ఆగదు. చాలా మోడళ్లలో కేబుల్‌ను విడిగా అమ్మరు, మోటారుతో కలిసిన మొత్తం భాగాన్నే కొనవలసి వస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఆ తలుపు లోపలి హ్యాండిల్‌తో చేత్తో తెరుచుకుంటుందా? చైల్డ్ లాక్ తీసివేసి, లోపల కూర్చుని స్వయంగా తెరిచి చూడండి. మోటారు లేకపోవడం అసౌకర్యం మాత్రమే. లోపలి నుంచి తెరుచుకోకపోవడం ప్రమాదం. అటువంటి స్థితిలో ఉంటే, బాగుచేయించేవరకు పిల్లలను అందులో ఎక్కించకూడదు. అదే సమయంలో బాగున్న కుడివైపు తలుపునూ వదలకండి. హ్యాండిల్‌తో, లోపలి బటన్‌తో, తాళం రిమోట్‌తో విడివిడిగా తెరిచి మూయండి. మూసుకుంటున్నప్పుడు దారిలో చుట్టిన దుప్పటి వంటి మెత్తటి వస్తువును అడ్డుపెట్టి, తలుపు దానిని తాకి వెనక్కి మళ్లుతోందో లేదో చూడండి. ఈ పరీక్షకు చెయ్యి మాత్రం పెట్టకండి.

తలుపును ముందే బాగుచేయించి ఇస్తానని అమ్మకందారు అంటే, నేనైతే ఆ మొత్తాన్ని ధరలో తగ్గించమని అడిగి, నాకు నమ్మకమైన చోట చేయించుకుంటాను. అమ్మేసే వాహనం మీద ఎవరూ మంచి భాగం కొని వేయరు.

వెనుక ఏసీ. చాలా మినీవ్యాన్లలో వెనుక ప్రయాణికుల కోసం రెండో ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే భాగం) వెనుక పక్క గోడలో ఉంటుంది. ముందున్న కంప్రెసర్ నుంచి దాని దాకా అల్యూమినియం పైపులు నేల కిందుగా వెళతాయి. రాళ్లు, బురద, మంచు కురిసే చోట్ల రోడ్డు మీద చల్లే ఉప్పు, ఇవన్నీ ఆ పైపులకే తగులుతాయి. ఒకసారి నేను తనిఖీ చేసిన వ్యాన్‌లో ముందు వెంట్‌లు చల్లగానే ఉన్నాయి, వెనుకవి మాత్రం గోరువెచ్చగా ఉన్నాయి. గ్యాస్ తగ్గింది, నింపితే చాలని యజమాని చెప్పాడు. లిఫ్ట్ మీద ఎత్తి చూస్తే, నేల కింద వెనుక చక్రానికి కొద్దిగా ముందున్న పైపు జాయింట్ చుట్టూ నూనె తడి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి అట్ట కట్టి ఉంది. గ్యాస్‌తో పాటు ప్రయాణించే కంప్రెసర్ ఆయిలే ఆ తడి. అంటే ప్రతి వేసవిలో గ్యాస్ నింపుతూ, కారే చోటును వదిలేశారన్నమాట. ఆ పని గ్యాస్ నింపడంతో పోయేది కాదు. పైపులు దించి మార్చవలసి ఉంటుంది. కాబట్టి ఎండ ఉన్న పూట ఇంజిన్ నడుస్తుండగా పావుగంట పాటు ముందు, వెనుక ఏసీలు రెండూ పూర్తి వేగంతో వేయండి. మామూలు థర్మామీటర్ ఒకటి వెంట్‌లో పెట్టి చూస్తే ముందుకూ వెనుకకూ తేడా ఎంతో తెలిసిపోతుంది. వెనుక పక్క గోడలో నుంచి టకటకమని శబ్దం వస్తే గాలి దారి మళ్లించే చిన్న మోటారు గేరు అరిగిందని అనుకోవచ్చు. అది పెద్ద లోపం కాదు.

గేర్‌బాక్స్. 1,40,000 కిలోమీటర్లు తిరిగిన వ్యాన్‌లో నన్ను భయపెట్టేది ఇంజిన్ కాదు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. మినీవ్యాన్ బరువైనది, నిండుగా తిరుగుతుంది, ఆగి ఆగి నడుస్తుంది. ఈ మూడూ గేర్‌బాక్స్ ఆయిల్‌ను వేడెక్కించేవే. "జీవితకాలపు ఆయిల్, మార్చనవసరం లేదు" అనే మాటను నమ్మకండి. బిల్లుల్లో ఆ ఆయిల్ ఒక్కసారైనా మార్చినట్టు కనిపించాలి. కనిపిస్తే మొదటి వ్యాన్ మీద నా నమ్మకం రెట్టింపవుతుంది. నడిపేటప్పుడు గంటకు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్‌ను తేలికగా నొక్కి ఉంచండి. ఒకటి రెండు సెకన్ల పాటు గరుకు రోడ్డు మీద వెళుతున్నట్టు సన్నని వణుకు వచ్చి పోతే, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లోని క్లచ్ గాని దాని ఆయిల్ గాని పాడైందనడానికి అది బలమైన సూచన. ఆగిన చోట పార్క్ నుంచి రివర్స్‌కు, రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చి చూడండి. గేరు పడడానికి ఆలస్యమైనా, పడగానే గట్టిగా కుదిపినా, అది మాట్లాడుకోవలసిన విషయమే. ఈ పరీక్ష చల్లటి ఇంజిన్‌తో ఒకసారి, అరగంట నడిపిన తరువాత మరొకసారి చేయండి, ఎందుకంటే కొన్ని లోపాలు వేడెక్కితేనే బయటపడతాయి.

చల్లటి ఇంజిన్ అన్నాను కాబట్టి ఒక మాట. మీరు వెళ్లేసరికి ఇంజిన్ స్టార్ట్ చేసి ఉంచవద్దని ముందే చెప్పండి. చేరగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, మరో రోజు వస్తానని మర్యాదగా చెప్పి రావచ్చు. మొదటి స్టార్ట్‌లో వచ్చే గలగల శబ్దం, నీలం పొగ వేడెక్కిన ఇంజిన్‌లో మాయమవుతాయి.

ఇంజిన్‌లో నేను అడిగే మొదటి ప్రశ్న, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపేది టైమింగ్ బెల్టా లేక టైమింగ్ చైన్‌ అన్నది. ఉదాహరణకు ఉత్తర అమెరికాలో అమ్ముడైన హోండా ఒడిస్సీ వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్‌లో బెల్ట్ ఉంటుంది. టొయోటా సియెన్నాలో 2007 మోడల్ నుంచి వచ్చిన 3.5 లీటర్ల వీ6లో చైన్ ఉంటుంది. చైన్ ఉన్నదానికి నిర్ణీత మార్పు గడువు లేదు, సమయానికి ఇంజిన్ ఆయిల్ మారిస్తే చాలు. బెల్ట్ ఉన్నదానికి మాత్రం సుమారు 1,60,000 కిలోమీటర్లకు లేదా ఏడేళ్లకు, ఏది ముందైతే అప్పటికి, మార్చడం సాధారణ నియమం. ఆ బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజిన్ పాడవుతుంది. మీ మొదటి వ్యాన్ వయసు ఎనిమిదేళ్లు కాబట్టి, అది బెల్ట్ ఇంజిన్ అయితే కిలోమీటర్లు మిగిలి ఉన్నా గడువు దాటినట్టే. బిల్లుల్లో ఆ మార్పు కనిపించకపోతే బెల్ట్, దానిని బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపు కలిపి మార్చే ఖర్చును ధరలో నుంచి తీసివేయమని అడగడం న్యాయం.

ఇప్పుడు రెండవ వ్యాన్ గురించి. నాలుగేళ్లలో ఇద్దరి చేతులు మారి, ఒక్క సర్వీసు కాగితమూ లేకపోవడం వల్ల అది చెడ్డదని తేలదు. మంచిదని నిరూపించే మార్గం మాత్రం మీకు లేకుండా పోతుంది. అటువంటి వ్యాన్ అద్దెకు తిరిగినదై ఉండే అవకాశాన్ని నేను ఎప్పుడూ పరిశీలిస్తాను. కిలోమీటర్ల లెక్కకు పొంతన లేకుండా పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి ఉండడం, డ్రైవర్ సీటు బయటి అంచు నలిగి ఉండడం, స్లైడింగ్ తలుపు గడప మీద రంగు పోయి లోహం కనిపించడం, డాష్‌బోర్డు మీదో పైకప్పు మీదో పూడ్చిన స్క్రూ రంధ్రాలు ఉండడం ఆ వాడకానికి గుర్తులు. అద్దెకు తిరిగితే మాత్రం ఏమిటని మీరు అడగవచ్చు. క్రమంగా సర్వీసు జరిగి, దానికి కాగితం ఉంటే నాకూ పెద్ద అభ్యంతరం లేదు. ఇక్కడ కాగితమే లేదు కదా.

నీట మునిగిన వాహనం కాదని కూడా నిర్ధారించుకోవాలి. మినీవ్యాన్‌లో దీనికి మంచి ఆధారం మూడో వరుస సీటు మడుచుకునే లోతైన గుంట. సీటును పైకి లేపి, గుంట అడుగున పరిచిన కార్పెట్‌ను ఎత్తి చూడండి. ఎంత శుభ్రం చేసినా ఆ మూలల్లో సన్నని మట్టి పొర మిగులుతుంది. తరువాత ప్రతి సీటు బెల్టునూ చివరిదాకా లాగండి. బయట శుభ్రంగా ఉన్న బెల్టు లోపలి భాగంలో ఒక అడ్డగీతలా బురద మరక కనిపిస్తే, ఇక ఇంజిన్ చూడనవసరం లేదు.

రెండు వ్యాన్లకూ ఓబీడీ స్కానర్, అంటే వాహనం కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను చదివే పరికరం, పెట్టించండి. "హెచ్చరిక లైటు వెలగడం లేదు" అన్నది చాలదు. చూపించబోయే ముందు లోపాల కోడ్‌లను చెరిపివేస్తే లైటు ఆరిపోతుంది, కానీ దాని ఆనవాలు మిగులుతుంది. కంప్యూటర్ తనను తాను పరీక్షించుకునే మానిటర్లు "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. కోడ్‌లు చెరిపిన తరువాత వాహనం ఎంత దూరం నడిచిందో కూడా చాలా వాహనాలు స్కానర్‌కు చెబుతాయి. ఒకసారి ఒక అమ్మకందారు "ఏడాదిగా ఏ లైటూ రాలేదు" అని గట్టిగా చెబుతుండగా, స్కానర్‌లో ఆ దూరం పట్టుమని పాతిక కిలోమీటర్లు కూడా లేదు. కొనేవారు అక్కడితో ఆ బేరం వదులుకున్నారు. బ్యాటరీ మార్చినా మానిటర్లు ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, కొద్దిరోజులు నడిపించి మళ్లీ చూపించమని అడగడం సరైన పద్ధతి.

మీ ఏడుగురూ నిజంగా పడతారా? ఈ ప్రశ్నకు బ్రోచర్‌లో జవాబు ఉండదు. మీ చైల్డ్ సీట్లు రెండింటినీ వెంట తీసుకువెళ్లి, అక్కడే బిగించి చూడండి. రెండో వరుసలో బెంచీ సీటు ఉన్న ఎనిమిది సీట్ల వ్యాన్‌లో పక్క సీటుకు చైల్డ్ సీటు బిగిస్తే, ఆ వైపు సీటును జరిపి మూడో వరుసలోకి వెళ్లే దారి మూసుకుపోవచ్చు. రెండో వరుసలో విడివిడి సీట్లు ఉన్న ఏడు సీట్ల వ్యాన్‌లో మధ్య దారి ఉంటుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని రెండో వరుసలో కూర్చోబెట్టి, పిల్లలను వెనుకకు పంపవచ్చు. అయితే వెనుక వరుసలో చైల్డ్ సీటు బిగించే కింది కొక్కేలు, పై పట్టీ కొక్కేలు ఎన్ని సీట్లకు ఉన్నాయో లెక్కపెట్టండి. చాలా మోడళ్లలో అక్కడ ఒక్క సీటుకే కింది కొక్కేలు ఉంటాయి. అటువంటప్పుడు రెండో చైల్డ్ సీటును సీటు బెల్టుతో బిగించవచ్చు, అది సరైన పద్ధతే, కానీ ముందుకు చూసే చైల్డ్ సీటుకు పై పట్టీ కూడా కట్టగలగాలి. పెద్దవారిని తీసుకువెళ్లి ఎక్కించి, దించి చూడడం కూడా ఈ పరీక్షలో భాగమే. తక్కువ ఎత్తులో ఉండే నేల, పక్కకు జరిగే తలుపు, ఈ రెండింటి కోసమే కదా ఎత్తైన ఎస్‌యూవీని కాదని మినీవ్యాన్ చూస్తున్నాం.

డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. వాహనం ఎంత బరువు మోయగలదో దాని నుంచి తెలుస్తుంది. చాలా మినీవ్యాన్లలో మనుషులు, సామాను కలిపి ఈ పరిమితి సుమారు 500 నుంచి 700 కిలోల మధ్య ఉంటుంది. ఏడుగురు పెద్దవాళ్లు ఎక్కితేనే 500 కిలోలు దగ్గరపడతాయి. మీ ఇంట్లో ముగ్గురు పిల్లలే కాబట్టి సామానుకు చోటు మిగులుతుంది. టైర్ల విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. టైరు కొలత పక్కనే ఉండే అంకె అది మోయగల బరువును సూచిస్తుంది. 103 అంటే ఒక్కో టైరుకు 875 కిలోలు, 99 అంటే 775 కిలోలు. కొలత సరిపోయిందని తక్కువ అంకె ఉన్న చౌక టైర్లు వేసి అమ్మే వ్యాన్లు తరచుగా కనిపిస్తాయి. తయారీ సంస్థ సూచించిన అంకె కంటే తక్కువ ఉంటే ఆ నాలుగు టైర్ల ధరనూ బేరంలో కలపండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారం, తరువాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం.

రీకాల్‌ల గురించి, అంటే లోపం బయటపడిన వాహనాలను సరిచేయడానికి తయారీ సంస్థ వెనక్కి పిలవడం గురించి, ఛాసిస్ నంబరుతో ఆ సంస్థ వద్ద విచారించండి. రీకాల్ ఉండడం తప్పు కాదు, చేయించకపోవడమే సమస్య. ఆ పని సాధారణంగా ఉచితంగా చేస్తారు. కుటుంబ వాహనాల్లో ఇది ఎంత ముఖ్యమో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2011 నుంచి 2017 వరకు వచ్చిన ఒడిస్సీలలో రెండో వరుస సీటు సరిగా లాక్ కాకపోతే బ్రేకు వేసినప్పుడు ముందుకు ఒరిగే ప్రమాదం ఉందని రీకాల్ వచ్చింది. 2017, 2018 మోడళ్ల క్రైస్లర్ పసిఫికా ప్లగ్ ఇన్ హైబ్రిడ్‌లను (ఇంజిన్‌తో పాటు చార్జింగ్ చేసుకునే బ్యాటరీ కూడా ఉన్న వ్యాన్లను) అగ్నిప్రమాదం భయంతో ఇళ్లకు దూరంగా, ఆరుబయట నిలపమని 2022లో యజమానులకు సంస్థే సూచించింది.

ఖరీదైన వేరియంట్ అనే ఆకర్షణ గురించి నా అభిప్రాయం క్లుప్తంగా చెబుతాను. పాత వాహనంలో ప్రతి అదనపు మోటారూ, తెరా, గాజు పైకప్పూ రేపటి రిపేరు బిల్లే. వాటికోసం ఎక్కువ ధర ఇవ్వకండి.

మొదటి వ్యాన్ ఈ పరీక్షల్లో నెగ్గితే, ధరలో సుమారు పదో వంతు విడిగా పక్కన పెట్టుకుని కొనండి. మొదటి నెలలోనే ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించండి, కూలెంట్ గడువు చూసుకోండి. గేర్‌బాక్స్ ఆయిల్‌ను ఒత్తిడితో కడిగించకుండా, దించి నింపే పద్ధతిలోనే మార్చమని అడగండి. తలుపు మరమ్మతు ఆ తరువాతైనా ఫరవాలేదు, లోపలి హ్యాండిల్ పనిచేస్తున్నంతవరకు. మీరు మోడల్ పేరు, తయారీ సంవత్సరం రాయలేదు. తెలియజేస్తే ఆ ఇంజిన్‌లో బెల్ట్ ఉందో చైన్ ఉందో చూసి, బిల్లుల్లో ఏ పనుల కోసం వెతకాలో ఇక్కడే రాస్తాను.